మరమనిషి సినిమా చూసి మనవాళ్లు ఏమన్నారు?

(కెలవరపల్లిలో జరిగిన ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో చదువు గొప్పదనం గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఆ పని నాకంటే బాగా చేయగలవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో మెషిన్ల మెయింటెనెన్స్ చూసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది మెషిన్లు, ఆ తరువాత సినిమాలు. కనుక రెండూ కలిసిన ఒక సినిమా గురించి మాట్లాడతాను. సెలవుల్లో మన పిల్లలు కొందరికీ, వాళ్ల పెద్దలకూ కలిపి చూపించిన సినిమా అది. చూశాక రెండు గంటలు వాదించుకున్నాం. సినిమా కంటే ఆ వాదన పెద్దది. రానివాళ్లకు ఆ మాటలు చెప్పమని పెద్దలు అడిగారు.

సినిమా పేరు ‘మార్స్ ఎక్స్‌ప్రెస్’. ఫ్రాన్సు దేశపు బొమ్మల సినిమా. దర్శకుడు జెరెమీ పెరాన్. 2023లో కాన్ చిత్రోత్సవంలో చూపించి, అదే సంవత్సరం నవంబరులో ఫ్రాన్సులో విడుదల చేశారు. గంటన్నర లోపే అయిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు కింద పడుతుంటే నేను ఆపి ఆపి తెలుగులో చెప్పాను.

బొమ్మల సినిమా అనగానే చిన్నపిల్లలది అనుకుంటాం. పదిహేనేళ్లు దాటినవాళ్లే రావాలని ముందే చెప్పినా, ‘బొమ్మలే గదప్పా’ అంటూ ఒకాయన ఆరేళ్ల పాపను చంకన వేసుకొని వచ్చాడు. మొదట్లోనే కాలేజీ హాస్టల్ గదిలో హత్య జరుగుతుంది. ఆ పాప, వాళ్ల నాయన ఐదు నిమిషాల్లో ఇంటికి వెళ్లారు. తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి. సెల్‌ఫోనులో పిల్లలు చూసేది బొమ్మలా కనిపించినంత మాత్రాన పిల్లలదని కాదు.

కథ 2200వ సంవత్సరంలో జరుగుతుంది. డబ్బున్నవాళ్లు అంగారకుడి మీద నోక్టిస్ అనే నగరం కట్టుకొని గాజు కప్పుల కింద ఉంటారు. భూమి మీద మరమనుషుల వల్ల పనులు పోయినవాళ్లు మిగిలారు. అలీన్ రూబీ అనే ఆమె ప్రైవేటు డిటెక్టివ్. ఆమె జతగాడు కార్లోస్ ఐదేళ్ల కిందటే చనిపోయాడు. అతని జ్ఞాపకాలను ఎక్కించిన మరమనిషి ఇప్పుడు ఆమె పక్కన పనిచేస్తున్నాడు. జూన్ చౌ అనే కాలేజీ అమ్మాయి కనబడటం లేదని వాళ్ల నాయన వస్తే, వీళ్లిద్దరూ వెతకడానికి బయలుదేరతారు. వెతికేకొద్దీ పెద్ద కంపెనీల గుట్లు బయటపడతాయి. ముగింపు చెప్పను.

ముందు మగపిల్లలు మాట్లాడారు. ‘చాలా స్పీడు సార్, పేర్లు గుర్తుపెట్టుకునేలోపు కథ మారిపోతోంది’ అన్నారు. ఈ మాటలో నిజం ఉంది. విదేశాల్లో చూసి మెచ్చుకున్నవాళ్లలోనూ కొందరు ఇదే అన్నారు. ఇంకో అబ్బాయి లేచి, 1995లో వచ్చిన జపాను సినిమా ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ ముందు ఇది చాలదన్నాడు. మమోరు ఒషీ తీసిన ఆ సినిమా గొప్పదే. ఎందుకు చాలదని అడిగితే, అందరూ అంటున్నారు సార్ అన్నాడు. ఏ సీను చాలలేదో చెప్పమన్నాను. కూర్చున్నాడు. పది నిమిషాలు ఆలోచించి మళ్లీ లేచి, అందులో ఊరి మీద వానలో కథ ఆపి మరీ నిదానంగా చూపిస్తారు, ఆలోచించుకునే తీరిక దొరుకుతుంది, ఇందులో ఆ తీరిక లేదు అన్నాడు. ఆ రెండో మాట ఆ అబ్బాయి సొంతం. నాకు నచ్చింది.

ఆడవాళ్లు సినిమాను వేరే దారిలో చూశారు. కార్లోస్ చనిపోక ముందు అతనికి భార్య, కూతురు ఉండేవాళ్లు. మరమనిషిగా మారాక కూతురిని చూడాలని ఆ ఇంటికి వెళతాడు. భార్య వేరే సంసారంలో ఉంది. రానివ్వదు. అతని ముఖం వెలుతురుతో చేసింది, మెడ మీద గాలిలో తేలుతుంటుంది. మిషను కుట్టి ఇద్దరు పిల్లలను చదివిస్తున్న ఒక తల్లి ఇలా అన్నది: ‘ఏమప్పా, పోయినోడు పోయినాడని ఏడ్చి, కర్మలు చేసి, ఆమె ఒక ఒడ్డుకు చేరుకునింది. ఇప్పుడు వాని మాటలన్నీ నేర్చుకున్న మర ఒకటి వచ్చి తలుపు తడితే తెరవాలా? నేనైతే తెరవను. కానీ ఆ రాత్రికి నిద్ర పట్టదు.’ పక్కనున్న ఇంకొకామె, ‘నేను తెరుస్తాను, పిల్లకు నాయన గొంతు వినబడనీ’ అన్నది. వాళ్లిద్దరి మధ్య తీర్పు చెప్పే ధైర్యం హాల్లో ఎవరికీ లేకపోయింది.

తరువాత మాట్లాడింది ఒక ఫ్యాక్టరీలో లైను మీద పనిచేసే అమ్మాయి. డిప్లొమా చదివే తమ్ముడితో వచ్చింది. ఆమె మాట నేను ఇప్పటికీ తలుచుకుంటున్నాను. సినిమాలో మరమనుషుల కాలం కూడా అయిపోవస్తుంది. లోహంతో కాక, జీవకణాలతో చేసిన కొత్త రకం యంత్రాలు వస్తున్నాయని కంపెనీ చెబుతుంది. పాతవాటి గతి ఏమిటని ఎవరూ అడగరు. ‘మనం మరలు వచ్చి మన పని తీసుకుంటాయని భయపడతాం. ఈ సినిమాలో మరకే ఆ భయం. కొత్త మోడలు వస్తుందంటే మా లైన్లో ఎట్ల గుసగుసలు పోతాయో అట్లే ఉండాది’ అన్నది.

మన ప్రాంతానికి ఇది కథ కాదు. హొసూరు చుట్టుపక్కల సిప్‌కాట్ వచ్చినప్పటి నుంచి లారీలు, మోపెడ్లు, గడియారాలు తయారవుతున్నాయి. గడియారాల కోసం నేర్చిన పనితనం నుంచే టైటన్ ఇంజినీరింగ్ అండ్ ఆటోమేషన్ పుట్టి, ఇతర ఫ్యాక్టరీలకు ఆటోమేటిక్ లైన్లు చేసి ఇస్తోంది. మన జిల్లాలో పోచంపల్లి దగ్గర ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ గురించి 2021లో ఆ సంస్థ రెండు అంకెలు చెప్పింది. పూర్తిగా నడిస్తే 3,000కు పైగా రోబోలు, 10,000కు పైగా ఆడవాళ్లు పనిచేస్తారని. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మన ఆడపిల్లలు రోబోను సినిమాలో కంటే ముందు షిఫ్టులో చూస్తారు.

అసలు ఫ్యాక్టరీ రోబో సినిమా రోబోలా ఉండదు. అది ఒక చెయ్యి, అంతే. ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ వంగాలి, ఎక్కడ వెల్డింగు వేయాలి అని మనిషి చేతిపెట్టెతో ఒక్కొక్క బిందువూ నేర్పుతాడు. నేర్పింది నేర్పినట్టు వేలసార్లు చేస్తుంది. చుట్టూ ఇనుప కంచె ఉంటుంది. కంచె తలుపు తీస్తే చెయ్యి ఆగిపోవాలి, అందుకు తలుపుకు స్విచ్చి ఉంటుంది. పని తొందరలో ఆ స్విచ్చికి అడ్డం పెట్టి మోసగించే ఘనులు కూడా ఉంటారు. అప్పుడే ప్రమాదాలు జరుగుతాయి. సినిమాలో మరమనుషులకు కంచె బయట ఉండదు, బుర్రలో ఉంటుంది. మనుషులకు హాని చేయకూడదు, చెప్పినమాట వినాలి అనే తాళం. ఐజాక్ అసిమోవ్ 1942లో ఒక కథలో రాసిన మూడు సూత్రాల వంశమే అది. ఆ తాళాన్ని ఎవరో తీస్తున్నారన్నదే డిటెక్టివు వెతికే గుట్టు.

ఇక్కడ మా మధ్య పెద్ద గొడవ. తాళం తీసినవాళ్లు నేరస్తులు అని పిల్లలు. కాదని ఒక తాత. ఆయన పేరు చెప్పను గానీ, చిన్నప్పుడు ఒక పెద్ద రైతు ఇంట్లో అప్పు కింద జీతానికి ఉన్నవాడు. ‘పగలూ రేయీ పని చేయాల, ఎదురు చెప్పకూడదు, కూలి లేదు. దీన్ని మా కాలంలో వెట్టి అనేవాళ్లం. మీరు రోబో అంటున్నారు’ అన్నాడు.

ఆయనకు తెలియకుండానే ఎంత సరిగ్గా చెప్పాడో చూడండి. రోబో అనే మాట ఇంజినీర్లు పెట్టింది కాదు, నాటకం నుంచి వచ్చింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంలో మొదట వచ్చింది. చెక్ భాషలో ‘రొబొటా’ అంటే జమీందారుకు చేసే వెట్టిచాకిరి. మనం తెలుగు చేసుకోవాలంటే మరమనిషి కంటే వెట్టిమనిషి అన్నదే దగ్గర. మన దేశంలో వెట్టిని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. అలా చూస్తే ఆ తాత ఒక్కడే ఆ సినిమాను లోపలి నుంచి చూశాడు. అయితే మరకు ఆకలి లేదు, నొప్పి లేదు, వెట్టి మనిషిని దానితో పోల్చకూడదని ఒక అమ్మాయి అభ్యంతరం చెప్పింది. నాదీ ఆ అభిప్రాయమే. కానీ తాత ముందు గట్టిగా అనలేకపోయాను.

మన పిల్లలకు పోలిక కోసం తెలిసినవి రెండు. 2010లో శంకర్ తీసిన ‘రోబో’, 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఎ.డి.’ లోని బుజ్జి. ‘కల్కి’కి ముందు ‘బుజ్జి అండ్ భైరవ’ అని రెండు భాగాల బొమ్మల కథ కూడా వచ్చింది. బుజ్జి బండికి బుర్ర, కీర్తి సురేశ్ గొంతు. అందరికీ ముద్దు. ‘రోబో’లో చిట్టి మంచివాడు, ఎర్ర చిప్పు పెడితే చెడ్డవాడు. చివరకు కోర్టు చెప్పినట్టు తనను తానే విప్పుకుంటాడు. రెండూ నాకు ఇష్టమే. కానీ రెండింటిలోనూ మర మనకు స్నేహితుడో శత్రువో అయితీరాలి. ‘మార్స్ ఎక్స్‌ప్రెస్’లో దానికి మనతో ఏ సంబంధమూ అక్కరలేకపోవచ్చు అన్న ఆలోచన ఉంది. అది మనవాళ్లకు మింగుడుపడలేదు. ‘అంత చేసి పెట్టినాక మనల్ని ఒక మాట కూడా అనకుండా పోతాయా?’ అని ఒకాయన నొచ్చుకున్నాడు. తోలుబొమ్మలాట చూసి పెరిగిన మనకు బొమ్మ వెనక ఆడించే చెయ్యి ఉండితీరాలి.

ఆ చెయ్యి సంగతే డిటెక్టివు కథ. ఒక్క హత్య నుంచి మొదలుపెట్టి, ఎవరు చేశారు, ఎవరు చేయించారు, ఎవరికి లాభం అని పైకి పైకి వెళ్లడం. మన డ్యాం సంగతి తీసుకోండి. గేట్లు తీసినప్పుడు గుట్టలుగా తెల్లటి నురగ వస్తుంది, పత్రికలవాళ్లు ఫోటోలు తీస్తారు. నురగ ఇక్కడ పుట్టలేదు. దక్షిణ పినాకిని నందికొండల్లో పుట్టి, బెంగుళూరు పక్కగా ఊరి మురుగూ కార్ఖానాల నీళ్లూ కలుపుకొని మన దగ్గరకు వస్తుంది. డ్యాం దగ్గర నిలబడి నురగను తిట్టేవాడికీ, ఏటి వెంట పైకి నడిచి ఎక్కడెక్కడ ఏ కాలువ కలుస్తోందో రాసుకునేవాడికీ ఉన్నంత తేడా, సినిమాలో పోలీసులకూ అలీన్ రూబీకీ ఉంది.

చివరగా, ఉపకార వేతనాల సభలో ఈ సినిమా ఎందుకని అడిగినవాళ్లకు జవాబు ఒక సీనులో ఉంది. ఆ నగరంలో మెదళ్ల కొట్టాలు ఉంటాయి. డబ్బు అవసరమైనవాళ్లు అక్కడికి వెళ్లి పడుకుంటారు. వాళ్ల మెదడును కంప్యూటరులా ఎవరో అద్దెకు వాడుకుంటారు. లేచాక కూలి తీసుకొని పోతారు. తలలో ఏం జరిగిందో వాళ్లకే తెలియదు. కనబడకుండా పోయిన ఆ కాలేజీ అమ్మాయి జాడ ఆ కొట్టానికి దారితీస్తుంది. ఆ సీను అయ్యాక మా హాలు నిశ్శబ్దమైపోయింది. అక్కడున్న పిల్లల్లో కనీసం ముగ్గురు ప్లస్ టూ అయిన వెంటనే లైను మీద చేరాలా, ఇంకా చదవాలా అని ఇంట్లో తగువు పడుతున్నవాళ్లు.

లైను మీద పని మెదడు కొట్టంలో పడుకోవడం లాంటిదని నేను అనను. నేను బతికిందే ఆ పనితో. షిఫ్టు తరువాత ఐ.టి.ఐ. పుస్తకాలు చదివి రోబోకు నేర్పే చోటికి చేరిన ఆడపిల్లలను ఎరుగుదును. కానీ తల్లిదండ్రులు పిల్లతో మాట్లాడేటప్పుడు జీతం ఎంత అన్న ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న కూడా పెట్టండి: అక్కడ రెండేళ్లున్నాక ఈమెకు కొత్తగా ఏం తెలుస్తుంది? ఆ ఆపరేటరు అమ్మాయి తన తమ్ముడిని అందరి ముందే అడిగింది, ‘నీ ఫీజు కోసం నేను లైన్లో ఉండాను, నువ్వు చదివి ఆ లైన్నే తీసేసే మర చేస్తావా?’ అని. వాడు తల వంచుకున్నాడు. కాసేపటికి, ‘నీకు చెప్పకుండా చేయనక్కా’ అన్నాడు. ఆమె నవ్వింది గానీ ఒప్పుకున్నట్టు లేదు.

సినిమా చూసిన పిల్లలు తమ అభిప్రాయాన్ని ఒక పేజీకి మించకుండా తెలుగులో రాసి ట్రస్టు ఆఫీసులో ఇవ్వండి. బాగుంది, బాగాలేదు అని రాస్తే చాలదు. ఏ సీను చూసి అలా అనిపించిందో రాయాలి. పెద్దలు కూడా రాయవచ్చు. రాయడం రానివాళ్లు చెబితే పిల్లలు రాసిపెట్టాలి. తాత మాటలు మాత్రం ఆయన చెప్పినట్టే రాయండి, మీ తెలుగులోకి దిద్దకండి. అవి వచ్చే సంచికలో వేస్తామని సంపాదకులు మాట ఇచ్చారు.