వ్యాపనం, ద్రవాభిసరణ

అణువులు గాఢత ఎక్కువగా ఉన్న చోటి నుంచి తక్కువగా ఉన్న చోటికి వాటంతట అవే విస్తరించడం వ్యాపనం. దీనికి పొర ఉండాలన్న నియమం లేదు. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల నుంచి ఆక్సిజన్ రక్తంలోకి చేరేది ఇలాగే. దీని గణిత సూత్రాలను 1855లో అడాల్ఫ్ ఫిక్ ప్రకటించాడు. దూరం రెట్టింపైతే పట్టే సమయం నాలుగు రెట్లవుతుంది. కణమంత దూరంలో క్షణాల్లో ముగిసే ఈ పని శరీరం పొడవునా సాగదు. గుండె, రక్తనాళాలు అవసరమైంది అందుకే.

ద్రవాభిసరణకు మాత్రం పొర తప్పనిసరి. అది నీటిని పోనిచ్చి, కరిగిన పదార్థాన్ని ఆపాలి. అప్పుడు నీరు పలుచని ద్రావణం నుంచి చిక్కని దానిలోకి వెళుతుంది. ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, నీటి లెక్కన చూస్తే ఇదీ ఎక్కువ నుంచి తక్కువకే.

మాగాయ జాడీలో ఈ రెండూ జరుగుతాయి. ఉప్పు పట్టించిన మామిడి ముక్కల కణాల నుంచి నీరు బయటికి వచ్చి ఊటగా చేరడం ద్రవాభిసరణ. కణాల పొరలు దెబ్బతిన్నాక ఉప్పు ముక్క లోపలికంటా చేరడం వ్యాపనం.

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం ఉండడానికీ కారణం ద్రవాభిసరణే. ఎర్ర రక్తకణాలు వట్టి నీటిలో ఉబ్బి పగులుతాయి, చిక్కటి ఉప్పునీటిలో ముడుచుకుపోతాయి.

ద్రవాభిసరణను ఒత్తిడితో వెనక్కి తిప్పవచ్చు. ఆర్‌ఓ యంత్రాలు చేసేది అదే. సముద్రపు నీటికైతే ఆ ఒత్తిడి దాదాపు 27 బార్లకు మించాలి.