కోట నుంచి కొండకు: ఓరుగల్లు యుద్ధాలు గీసిన పటం

(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

యాభై ఏళ్ల పండుగ రోజున యుద్ధాల ముచ్చట ఎందుకని కొందరు అనుకోవచ్చు. భోజనాల వేళకు ముగిస్తానని కార్యదర్శిగారికి మాట ఇచ్చాను కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మన ఊళ్లో చరిత్ర గురించి రెండు మాటలు తరచుగా వింటాం. ఒకటి, మనం ఏలినవాళ్లం అన్నది. వేయిస్తంభాల గుడి, రామప్ప, రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కిన కీర్తి తోరణం దానికి సాక్ష్యాలు. రెండోది, మనల్ని కూల్చారు అన్నది. కోటలో గుట్టలుగా పడి ఉన్న శిల్పాలు దానికి సాక్ష్యాలు. రెండూ నిజమే. అయితే మూడో మాట ఒకటి ఉంది. అది ఊళ్లో వినపడదు, అడవిలో వినపడుతుంది. మనం కూడా ఇంకొకరి మీదికి సైన్యం నడిపించాం అన్నది ఆ మాట. ఈ మూడింటినీ ఒకే పటం మీద పెట్టి చూద్దామన్నదే నా ప్రయత్నం.

మొదట ఏలిన కథ. కాకతీయులు పుట్టుకతో చక్రవర్తులు కారు. రాష్ట్రకూటుల దగ్గర, ఆ తర్వాత కల్యాణి చాళుక్యుల దగ్గర సామంతులుగా పనిచేశారు. చాళుక్యుల బలం సన్నగిల్లాక రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాడు. 1163లో వేయిస్తంభాల గుడి దగ్గర వేయించిన శాసనం ఆ మార్పును ప్రకటించింది. ఆయన తమ్ముడి కొడుకు గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు, అరవై ఏళ్లకు పైగా పాలించాడు. రాజ్యాన్ని సముద్రం దాకా పెంచింది ఆయనే.

ఆయన గెలుపులో ఒక పద్ధతి ఉంది. కృష్ణా ముఖద్వారంలోని దివిసీమను జయించాడు. అక్కడి ప్రభువుల ఆడపడుచులు నారమ్మను, పేరమ్మను పెళ్లాడాడు. వాళ్ల సోదరుడు జాయపను ఓరుగల్లుకు తెచ్చి గజసేనకు అధిపతిని చేశాడు. ఆ జాయపే తర్వాత సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, ఓడ పగిలినా సరుకు వర్తకుడిదేనని హామీ ఇచ్చాడు గణపతిదేవుడు. మైదానంలో, తీరంలో ఓడినవాడికి రాజ్యంలో చోటు దొరికింది. చుట్టరికం కలిసింది, కొలువు దొరికింది, వ్యాపారం సాగింది.

మరి కొండ వైపు ఏం జరిగింది? రామప్ప, లక్నవరం, పాకాల చెరువులు ఎక్కడున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. అన్నీ గుట్టల నడుమే. రెండు గుట్టల మధ్య కట్ట వేస్తే తక్కువ మట్టితో ఎక్కువ నీళ్లు ఆగుతాయి. ఆ తెలివికి ఈనాటికీ మన రైతులు రుణపడి ఉన్నారు. 1213లో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించిన పాలంపేటలో గుడి, చెరువు పక్కపక్కనే ఉంటాయి. చెరువు నిండితే కింద పొలం కావాలి. పొలం కావాలంటే అడవి కొట్టాలి. పంట పండితే పన్ను కట్టాలి. అంటే చెరువు కట్టతో పాటే రాజ్యం కూడా అడవిలోకి ఒక్కో అడుగు నడిచింది.

ఆ అడుగు కింద పడ్డవాళ్ల మాట మేడారంలో వింటాం. శాసనాల్లో లేదు, కోయల నోట ఉంది. కరువొచ్చి కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సైన్యం మేడారం మీదికి వచ్చిందని, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరులో ఒరిగిపోయారని, జంపన్న సంపెంగ వాగులో ప్రాణాలు విడిచాడని, గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయిందని, వెతికితే కుంకుమ భరిణె దొరికిందని ఆ కథ చెబుతుంది. తేదీల మీద, పేర్ల మీద పండితులు వాదించుకోవచ్చు. ఒక సంగతి మాత్రం గమనించండి. మనం గర్వంగా చెప్పుకునే రాజు ఆ కథలో కప్పం అడిగినవాడు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి లక్షల మంది ఎవరికి మొక్కుతున్నారు? గెలిచిన సేనానికి కాదు. అతని పేరు కూడా జనానికి పట్టదు. మొక్కేది ఓడిన తల్లీబిడ్డలకు. అక్కడ రాతి విగ్రహం లేదు. వెదురు కర్ర, కుంకుమ భరిణె ఉన్నాయి. పూజారులు కోయలే.

ఇప్పుడు కూలిన కథ. ఢిల్లీ సేనలు ఓరుగల్లు మీదికి ఒక్కసారి కాదు, ఇరవై ఏళ్లలో ఐదుసార్లు వచ్చాయి. 1303లో అల్లాఉద్దీన్ ఖిల్జీ పంపిన సేన తూర్పు దారిన వచ్చి ఓడి వెనుదిరిగింది. 1309 చివర బయలుదేరిన మాలిక్ కాఫుర్ 1310 జనవరిలో ఇక్కడికి చేరాడు. ఆ దండయాత్రను అమీర్ ఖుస్రో ‘ఖజాయినుల్ ఫుతూహ్’లో వర్ణించాడు. కాఫుర్ సేన ముందుగా పట్టుకున్నది అనుమకొండ గుట్టను. అక్కడి నుంచి ఓరుగల్లు మేడలు, తోటలు అన్నీ కనబడతాయి. ఇవాళ పద్మాక్షి గుట్ట ఎక్కినవాళ్లకు ఆ యుక్తి వెంటనే అర్థమవుతుంది. మన మట్టికోట గట్టిదనాన్ని శత్రుపక్షపు కవి అయిన ఖుస్రోనే మెచ్చుకున్నాడు. రాళ్లు విసిరే యంత్రాల దెబ్బను రాతిగోడ కంటే మట్టికట్ట బాగా మింగేస్తుంది. అయినా నెల రోజులకు మట్టికోట పట్టుబడింది. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు. 1318లో మళ్లీ కప్పం కోసం వచ్చారు. ఆ తర్వాత ఉలుగ్ ఖాన్, అంటే రేపటి మహమ్మద్ బిన్ తుగ్లక్, మొదటి ముట్టడిలో విఫలుడై వెళ్లి, తిరిగొచ్చి 1323లో కోటను గెలిచాడు. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరంలో ఆయన మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది.

పాఠ్యపుస్తకంలో ఇక్కడికి అధ్యాయం అయిపోతుంది. మన పటంలో ఇక్కడే మొదలవుతుంది. కోట కూలాక మనుషులు ఎటు పోయారు?

కొండల వైపు పోయారు. ప్రోలయ నాయకుడు గోదావరి పక్కన కొండల అడుగున ఉన్న రేకపల్లిని నెలవు చేసుకున్నాడు.  ఆ తర్వాత కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు. ఆయన వెంట డెబ్బై ఐదుగురు నాయకులు నిలిచారని నూరేళ్ల తర్వాత, 1423లో, అనితల్లి వేయించిన కలువచేరు శాసనం గుర్తు చేసుకుంది. రేచర్ల పద్మనాయకులు రాచకొండను, దేవరకొండను ఏలారు. రెడ్లు అద్దంకిలో మొదలై కొండవీటికి చేరారు. కొండపల్లి, బెల్లంకొండ, ఉదయగిరి, గోల్కొండ పేర్లు వరసగా చదవండి. ఒక నగరం పడిపోతే తెలుగు రాజకీయం గుట్టలు ఎక్కి కూర్చుంది.

కారణం తేలికే. ఢిల్లీ బలం గుర్రం. మైదానంలో గుర్రానికి ఎదురు లేదు. నిటారు రాతిగుట్ట మీద మాత్రం గుర్రం దిగి నడవాల్సిందే. పైన వాననీటి గుంటలు, నాలుగు గరిసెల ధాన్యం ఉంటే కొద్దిమందే ఒక పెద్ద సేనను నెలల తరబడి ఆపగలరు. శ్రీకృష్ణదేవరాయలంతటివాడికి ఉదయగిరి గెలవడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది, 1514 దాకా. ఔరంగజేబు అంతటి సేనతో వచ్చి 1687లో గోల్కొండ ముందు ఎనిమిది నెలలు కూర్చున్నాడు. చివరికి లోపలివాడు తలుపు తీస్తే గానీ పని కాలేదు.

ఇది మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. దక్షిణ అమెరికాలో స్పెయిన్‌వాళ్లు 1533లో ఇంకా రాజధాని కుస్కోను పట్టుకున్నారు. ఇంకాలు ఆండీస్ కొండల్లోని విల్కబాంబాకు తరలిపోయి 1572 వరకు అక్కడ రాజ్యం నడిపారు.

అయితే కొండను కేవలం ఓడినవాళ్లకు ఆశ్రయంగా చూస్తే సగమే చూసినట్టు. కొండ ఖాళీ స్థలం కాదు. అక్కడ అప్పటికే మనుషులున్నారు. ఇక్కడ బస్తర్ మాట చెప్పుకోవాలి. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు దండకారణ్యంలోకి వెళ్లి బస్తర్ రాజ్యం స్థాపించాడని ఆ రాజవంశం నమ్మిక. దంతేవాడలో దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనం తమ మూలాన్ని కాకతి ప్రతాపరుద్రుడి తమ్ముడితోనే ముడివేస్తుంది. 2022 జూలైలో మన ఊళ్లో కాకతీయ వైభవ సప్తాహం జరిగినప్పుడు ఆ వంశం వారసుడు అతిథిగా వచ్చారు. ఏడు వందల ఏళ్ల తర్వాత ఇంటివాడు తిరిగొచ్చినట్టు జనం సంతోషించారు. ఆ సంతోషం సహజమే. కానీ ఓరుగల్లులో ఓడి వెళ్లినవాడు ఆ అడవికి శరణార్థిగా మిగిలిపోలేదు, రాజయ్యాడు. గోండులు, హల్బాలు ఆ రాజ్యంలో ప్రజలయ్యారు. వాళ్లు రాజును మార్చారు కూడా. దంతేశ్వరి కులదేవత అయింది. డెబ్బై ఐదు రోజుల బస్తర్ దసరాలో రథం చెక్కేది, లాగేది గిరిజనులే. వాళ్లు లేకుండా రాజు పండుగ సాగదు. అదే బస్తర్‌లో 1910లో, తెల్లవాళ్ల అటవీ చట్టాలు అడవిని మూసేస్తుంటే భూంకాల్ తిరుగుబాటు లేచింది. ముప్పై ఏళ్లకు, 1940లో, జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం సేనల తూటాలకు నేలకొరిగాడు. మధ్యలో 1922 నుంచి 1924 దాకా మన్యంలో అల్లూరి పోరు. జెండాలు మారాయి. అడవివాడిని అడిగిన ప్రశ్న మాత్రం కప్పం, పన్ను, చట్టం అని పేర్లు మార్చుకుంటూ వచ్చింది.

ఇంతకీ ఈ పటంతో మనకేం పని? రెండు పనులున్నాయి.

ఒకటి, కూలిన కథను పగ కోసం చెప్పుకోవడం మానాలి. ఓరుగల్లును తిరిగి గెలిచిన కాపయ నాయకుడు ‘ఆంధ్ర సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నాడు. సురత్రాణ అంటే సుల్తానే. శత్రువుతో పోరాడుతూనే శత్రువు మాటను సొంతం చేసుకున్నాడు. అది లొంగుబాటు కాదు, కాలం తెలిసినవాడి ధీమా. ఆయన గోల్కొండను వదులుకుని బహమనీలతో సంధి చేసుకున్నాడు, చివరికి తెలుగువాళ్లే అయిన రేచర్ల నాయకులతో యుద్ధంలో పడిపోయాడు. ఆ కాలాన్ని రెండు మతాల పోరుగా మాత్రమే చెబితే ఈ లెక్కలేవీ కుదరవు.

రెండు, ఏలిన కథను చెప్పేటప్పుడు ఎదుట కూర్చున్న పిల్లలను చూడాలి. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే కోయ పిల్లలు ఈ జిల్లా బడుల్లో ఎప్పుడూ ఉన్నారు. ‘కాకతీయుల వైభవం’ పాఠం చెబుతున్నప్పుడు వాళ్లకు ఇంట్లో విన్న సమ్మక్క కథ గుర్తుకొస్తుంది. రెండింటిలో ఏది నిజమని ఆ పిల్లవాడు తనలో తాను నలిగిపోకూడదు. రెండూ ఈ నేల కథలేనని చెప్పే ధైర్యం గురువుకు ఉండాలి, పక్క బెంచీవాడికి ఉండాలి.

అందుకే సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో కొంత మొత్తం పక్కన పెట్టి ఏటా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను మూడు చోట్లకు తీసుకెళ్దాం. ఉదయం కోట, మధ్యాహ్నం రామప్ప, సాయంత్రం మేడారం. జాతర లేని రోజుల్లోనే వెళ్దాం, అప్పుడు మాట్లాడేవాళ్లకు తీరిక ఉంటుంది. కోటలో శాసనం చదవగలిగినవాళ్లు చెప్పాలి. రామప్పలో నీటిపారుదల తెలిసిన ఇంజనీర్లు, మన పూర్వ విద్యార్థులే చాలామంది ఉన్నారు, చెరువు గురించి చెప్పాలి. మేడారంలో మాత్రం మనం చెప్పకూడదు, అక్కడి పెద్దలు చెప్పాలి. పిల్లలు విన్నది రాసుకుని వచ్చి బడి గ్రంథాలయంలో పెట్టాలి. పదేళ్లకు ఏ పుస్తకంలోనూ దొరకని చరిత్ర మన బీరువాలో ఉంటుంది. మొదటి ఏడాది బస్సు ఖర్చు మా బ్యాచ్ భరిస్తుందని మావాళ్ల తరఫున ఇక్కడే మాట ఇస్తున్నాను.

 కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.