మెత్తని కొయ్య – వాడి ఉలి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఉక్కునగరమగు జంషెడ్‌పూరులో మెత్తని కొయ్యను గూర్చి మాటలాడుట వింతగా తోచవచ్చును. నా చేతనున్న ఈ కలమును చూడుడు. అంకుడు కొయ్యను తరిమెన, అనగా లేతు యంత్రముపై చెక్కి నేనే దీనిని చేసితిని.

అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. వానికి ప్రకృతిసిద్ధమైన రంగులను మరల తెచ్చిన శ్రీ సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ప్రకటింపబడినది.

గత వేసవిలో అచ్చటి యొక వృద్ధ శిల్పి తరిమెనకడ కూర్చుంటిని. లోహములతో పనిచేయువాడను గదా, మెత్తని కొయ్య యొక లెక్కా యనుకొంటిని. ఉలిని బలముగా నొక్కగనే పీచులు లేచి కొయ్య నడుమకు విరిగినది. ఆయన నవ్వి, "బాబూ, మెత్తని కర్రకే ఉలి ఎక్కువ వాడిగా నుండవలె. నొక్కకండి, తాకించండి" అనెను.

రెండవమారు కొయ్యను నిలువున తొలిచి, బలమునకై ఇత్తడి గొట్టమును లోపల నతికించి, తేలికగా చెక్కితిని. తిరుగుచున్న కొయ్యకు రంగులక్కను ఒత్తగా రాపిడి వేడికి కరగి పరచుకొనెను. మొగలియాకుతో రుద్దగా మెరుగు వచ్చెను. కాలిఫోర్నియా తీరపు రెడ్‌వుడ్‌తో కలములు చేయువారికిని వాడి ఉలియే శరణ్యము. పేరునుబట్టి దానిని మన ఎర్రచందన మనుకొనరాదు. ఎర్రచందనము గట్టి కొయ్య, రెడ్‌వుడ్ మెత్తనిది.

దేశమున లక్క అత్యధికముగా లభించునది మనమున్న జార్ఖండ్‌లోనే. మోదుగ, రేగు వంటి చెట్లపై చిన్న పురుగులు దానిని స్రవించును. రాంచీకడ నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ 1924లోనే వెలసినది. కొయ్య మన పుట్టినింటిది, లక్క మెట్టినింటిది. ఈ కలమున రెండును కలిసినవి.

వీడ్కొనునపుడు ఆ శిల్పి, "మా పిల్లలు పట్నం పోయినారు. బొమ్మలు కొనేవారు తగ్గినారు. కలములైనా మీవాళ్ళు కొంటారా?" అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

ఇంటికి వచ్చి ఈ కలమును మా చిన్నవాని కిచ్చితిని. వాడు తెలుగు మాటలాడును గాని వ్రాయనెరుగడు. దీనితో తన పేరు తెలుగున వ్రాయుటకు నాలుగు దినములు పట్టినది. నేడు వానినడిగియే దీనిని తెచ్చితిని.

మన సంఘము ఏటేట విద్యార్థులకు ప్లాస్టిక్ కలములను బహూకరించుచున్నది. రాబోవు ఉగాదికి వానికి బదులు ఏటికొప్పాక కలములను తెప్పింతమని ప్రార్థించుచున్నాను. మీరు సమ్మతించినచో ఆ వృద్ధునికి నేడే ఉత్తరము వ్రాయుదును, ఈ కలముతోనే.

సెలవు.