గండికోటలో చలికాలపు మకాము



కడప జిల్లా పేరెత్తగానే వినువారికి మొదట తలంపునకు వచ్చునది ఎండ. వైశాఖ జ్యేష్ఠములలో ప్రొద్దుటూరి వీథులలో మధ్యాహ్నవేళ నడచినవారెవరును ఆ మాటను కాదనరు. మనకు చలి కూడ ఉన్నదని చెప్పినచో మనవారే నవ్వుదురు. ఆ నవ్వులో ఒక ప్రమాదము దాగియున్నదని నేను ఆలస్యముగా తెలిసికొంటిని. స్నేహితులు కొందఱు కూడి చలికాలమున గుడారము వేసికొని ఆరుబయట ఒక రాత్రి గడపుట ఎంత ఆనందకరమో, ఆ రాత్రి ఒకరికొకరు వహింపవలసిన బాధ్యత ఎంతటిదో, నాకు జరిగిన అనుభవమునుబట్టి నేడు మీకు విన్నవించెదను.

మన ప్రాంతమున ఇట్టి మకామునకు గండికోటను మించిన తావు లేదు. జమ్మలమడుగునకు పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున, పెన్నానది ఎఱ్ఱమల కొండలను నిలువునా కోసికొనిపోయిన చోట, దక్షిణపు టొడ్డున ఈ కోట యున్నది. గండి యొడ్డున వెలసిన కోట గనుక గండికోట. అంచున నిలిచి చూచినచో సుమారు 300 అడుగుల లోతున నీరు కనబడును. ఇరువైపుల ఎఱ్ఱని బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. గండికి ఎగువను గండికోట జలాశయము, దిగువను మైలవరము జలాశయము కట్టబడినవి. కోటలోపల మాధవరాయస్వామి ఆలయము, రంగనాథస్వామి ఆలయము, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారము ఉన్నవి. ఒక పల్లె కూడ కోటలోపలనే నేటికిని కాపురమున్నది. కార్తికము వెళ్లినది మొదలు మాఘము వఱకు ఎక్కడెక్కడి యువకులో వచ్చి అచ్చట గుడారములు వేసికొనుచున్నారు.

గుడారము గండికోటకు క్రొత్త కాదు. పెమ్మసాని నాయకుల యేలుబడిలో నుండిన ఈ కోటను 1650 ప్రాంతమున గోలకొండ సుల్తాను మంత్రియగు మీర్ జుమ్లా పట్టుకొనెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే ఆయనను చూచుటకు ఇచ్చటికి వచ్చెను. నవాబు తన డేరాలో వట్టికాళ్లతో కూర్చుండి, కాలివ్రేళ్ల సందులను, ఎడమచేతి వ్రేళ్ల సందులను జాబులు ఇఱికించుకొని, ఒక్కొక్కటి తీసి జవాబులు వ్రాయించుచుండెనని ఆ వర్తకుడు తన యాత్రాగ్రంథమున వ్రాసెను. తరువాత 1800లో నిజాము ఈ మండలములను కుంపెనీకి దత్తము చేయగా, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 వఱకు ఉండెను. ఊరూర తిరుగుచు పన్నుల యేర్పాటు చేయుటలో ఆయన కాలము చాలవఱకు గుడారములలోనే గడచెను.

ఇంత పాతకథ యేల యందురేమో. నవాబు డేరాలో నిద్రించినను, కలెక్టరు గుడారములో నిద్రించినను, బయట పహరా కాయుటకును నిప్పు చూచుటకును మనుష్యులుండిరి. స్నేహితుల గుడారమునకు అట్టి పరివారము లేదు. మనకు మనమే బంట్లము, మనకు మనమే కావలివారము. ఈ చిన్న భేదమును మేము మఱచితిమి.

కొన్నియేండ్ల క్రిందట ఒక డిసెంబరు మాసమున నలుగురము మిత్రులము బయలుదేరితిమి. నేనును ఒక బట్టల వర్తకుడును ప్రొద్దుటూరివారము. మూడవవాడు జమ్మలమడుగున ఉపాధ్యాయుడు. నాలుగవవాడు పులివెందుల దగ్గఱ చీనీతోట గల రైతు. నలుగురమును ఒక్క బడిలో చదివినవారమే. పెండ్లిళ్లలో తప్ప కలిసికొనక పదియేండ్లు దాటినది. పులివెందుల మిత్రుడు ఒక గంపెడు చీనీకాయలును ఒక అరటిగెలయు తెచ్చెను. మేము ప్రొద్దుటూరి అంగడిలో రాగిపిండి, నూకలు, ఎండుమిరపకాయలు, చెనిక్కాయలు కట్టించుకొంటిమి. దుప్పట్లు మాత్రము మనిషికొక్కటి, అదియు పలుచనిది, చాలుననుకొంటిమి.

దారిపొడవున నల్లరేగడి చేలలో శనగపైరు పచ్చగా నుండెను. కోట చేరుసరికి ప్రొద్దు వాలుచుండెను. మకాము వేయుటకు అనుమతి గల బయలులో, గండి అంచునకు చాలదూరముగా గుడారము నిలిపితిమి. అంతవఱకు మా బుద్ధి సరిగానే పనిచేసినది. కొమ్మలు నఱుకుట తగదని తలచి, పల్లెలోని ఒక ముసలాయన యొద్ద రెండు మోపుల కట్టెలు కొంటిమి. ఆయన కట్టెలు దించి, మా సామానువంక చూచి యిట్లనెను:

"ఏం నాయనా, రేయి ఈడనే పండుకుంటారా? కింద పరుచుకునేదానికి ఏమన్నా తెచ్చుకున్నారా? పైన కప్పుకునేది ఎంతున్నా సరిపోదు. రాయి ఒంట్లో వేడంతా పీల్చేస్తాది. రెండు మోపులు గడ్డి ఇస్తా, పరుచుకోండి."

"మేము కడప ఎండకు కాగినవాళ్లం తాతా! మాకేం చలి?" అని మా వర్తకమిత్రుడు నవ్వెను. మేమును నవ్వితిమి. ముసలాయన మఱేమియు అనక వెడలిపోయెను.

ఆ సాయంకాలపు సుఖము ఇప్పటికిని నా మనస్సున నిలిచియున్నది. మూడు రాళ్ల పొయ్యిపై సంగటి కెలికితిమి. చెనిక్కాయలు వేయించి ఊరుబిండి నూఱితిమి. నలుగురము ఒక్క పళ్లెము చుట్టును కూర్చుండి తింటిమి. బడినాటి సంగతులు వచ్చెను, అప్పుల సంగతులు వచ్చెను, ఇంటనున్నపుడు ఎవరును నోరు విప్పి చెప్పని కష్టములు కూడ వచ్చెను. నిప్పు ఎదుట కూర్చున్న మనిషి మొగము చూచి మాటలాడనక్కఱలేదు. మంట వంక చూచుచు చెప్పవచ్చును. అందువలన కాబోలు, పదియేండ్లు దాచుకొన్న మాట ఆ పూట వెలికి వచ్చుట. తూర్పున పిల్లలకోడియు, దాని వెనుక మృగశిరయు పైకెక్కినవి. ఊరి దీపముల నడుమ కనబడని చుక్కలన్నియు అచ్చట కనబడినవి.

రాత్రి పది దాటినపిదప ముసలాయన మాట నిజమగుట మొదలుపెట్టినది. పల్లపు ఊళ్లలో చలికాలపు రాత్రి వేడిమి సామాన్యముగా 15, 20 డిగ్రీల నడుమ నుండును. ఇంటిలో గోడల నడుమ అది చలియే కాదు. కాని మబ్బులేని ఆకాశము క్రింద నేల తన వేడిని వేగముగా పైకి విడిచిపెట్టును. ఎత్తైన బయలులో గాలికి అడ్డులేదు. చల్లబడిన నేలకు తాకియున్న శరీరము తన వేడిని దానికి ఇచ్చుచునే యుండును. నడుముక్రింద సన్నని గుడ్డ యొక్కటి తప్ప మఱేమియు లేని మాకు నిద్ర యెట్లు పట్టును?

అపుడు పులివెందుల మిత్రుడు ఒక ఉపాయము చేసెను. మాలో అందఱికంటె దయగలవాడు అతడే. ఇనుప బాణలిలో ఎఱ్ఱని నిప్పులు నింపి గుడారములో కాళ్లదెస పెట్టెను. గాలి రాకుండ తలుపుగుడ్డను గట్టిగా బిగించెను. "పొగ లేదు గదా, భయమేమి?" అనెను. మాకును అట్లే తోచినది. మన యిండ్లలో బాలింతల గదిలో కుంపటి పెట్టుట చిన్ననాటినుండి చూచినవారమే గదా! ఉపాధ్యాయుడు మాత్రము చుక్కలు చూచుచు మంటయొద్దనే కూర్చుండెదనని బయట నిలిచిపోయెను. మేము మువ్వురము వెచ్చదనమునకు సంతసించి పండుకొంటిమి.

తరువాతి సంగతి నాకు సగమే జ్ఞాపకమున్నది. తల బరువెక్కినట్లును, ఎవరో దూరమునుండి పిలుచుచున్నట్లును ఉండెను. జవాబు చెప్పవలెనని యున్నను నోరు రాలేదు. ఉపాధ్యాయుడు చంద్రోదయము చూపింపగోరి మమ్ము పేరుపేరున పిలిచెనట. మువ్వురిలో ఒక్కడైనను సరిగా పలుకకపోవుటచే అనుమానించి తలుపు విప్పెను. లోపల మేము పండియున్న తీరు చూచి, ముందు బాణలిని బయటకు త్రోసి, పిదప ఒక్కొక్కరిని భుజములు పట్టి ఈడ్చెను. చల్లగాలి తగులగా నాకు తెలివి వచ్చినది. వర్తకుడు వాంతి చేసికొనెను. పులివెందుల మిత్రుడు లేచి నిలువబోయి కూలబడెను. అతడు తేరుకొని మాటలాడువఱకు గడచిన ఆ కొద్దిసేపు ఎంత దీర్ఘమైనదో నేను చెప్పజాలను.

తెల్లవాఱినపిదప జమ్మలమడుగునకు దిగి వైద్యునికి చూపించుకొంటిమి. ఆయన మమ్ము పరీక్షించి, మందు సంగతికి ముందు, "రాత్రియే రావలసినది. తెల్లవాఱువఱకు ఎవరి ధైర్యముమీద కూర్చుంటిరి?" అని కోపించెను. ఆ కోపము న్యాయమైనది. తలనొప్పి తగ్గినంతమాత్రమున అపాయము తప్పినట్లు కాదని ఆయన చెప్పెను.

శ్రోతలు దీనిని శ్రద్ధగా వినవలెనని నా ప్రార్థన. బొగ్గులుగాని కట్టెనిప్పులుగాని చాలినంత గాలి లేనిచోట కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేనంతమాత్రమున అది లేదనుకొనుట పొరపాటు. మనము పీల్చిన ప్రాణవాయువును ఒడలంతటికి మోసికొనిపోవునది రక్తములోని హిమోగ్లోబిను. ఆ హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె 200 రెట్లకు మించిన బలముతో ఈ వాయువును పట్టుకొనును. మొదట తలనొప్పి, వికారము, మగత కలుగును. నిద్రించువానికి ఆ గుఱుతులును తెలియవు, నిద్రలోనే ప్రాణము పోవును. నాటి బాలింత గదికి పెంకుల సందులు, కిటికీలు ఉండెడివి. పక్కన మేల్కొనియుండు తల్లియో అత్తయో ఉండెడిది. బిగించిన గుడారమునకు ఈ రెండును లేవు.

కావున చలికాలపు మకామునకు పోవువారు నిప్పును, పొయ్యిని, కుంపటిని గుడారమునకు వెలుపలనే యుంచవలెను. వెచ్చదనమునకు మార్గము ముసలాయన చెప్పినదే: క్రింద దట్టముగా గడ్డియో చాపలో కంబళ్లో పఱచుకొనుట, తల చెవులు మూసికొనుట, పలుచని బట్టలను ఒకదానిపై నొకటి తొడుగుకొనుట. గుడారమున గాలియాడుటకు కొంత సందు విడువవలెను. అది లేనిచో మన ఊపిరి తేమయే గుడ్డకు పట్టి మీద చినుకును. పండుకొనుటకు ముందు నిప్పుపై నీళ్లు పోసి, బూడిదను చేతితో తాకినను చల్లగా నుండునట్లు ఆర్పవలెను. చలికాలమున గడ్డి ఎండియుండును. ఒక్క మిణుగురు చాలును.

గండికోటకు పోవువారికి ఇంకొక మాట. అంచున చాలచోట్ల అడ్డుగోడ లేదు. బండలు నున్ననివి. చీకటిలో అంచునకు పోరాదు. మద్యము త్రాగిన స్నేహితుని ఒంటరిగా లేచి పోనీయరాదు. అతడు నొచ్చుకొన్నను సరే, వెంట ఒకరు నడువవలెను. లోయలోని నీటిలో ఈదుటకు దిగరాదు. పగటివేళ పై నుండి చూచి తనివి తీర్చుకొనవలసిన శోభ అది. తెచ్చిన కాగితములు, సీసాలు తిరిగి మూటకట్టుకొని పోవలెను. ఆలయపు రాళ్లపై మన పేర్లు చెక్కరాదు. అచ్చట ఒక పల్లె కాపురమున్నదను సంగతి రాత్రి పాటలు పాడువారికి జ్ఞప్తియందుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. నలుగురున్నచోట ఒక్కడు మేల్కొనియుండవలెను. వంతులు వేసికొన్నచో ఎవరికిని భారము కాదు. నాడు మా ఉపాధ్యాయుడు వంతు ప్రకారము మేల్కొనలేదు, చుక్కలమీది మక్కువతో మేల్కొనెను. మా ప్రాణములు ఆ మక్కువవలన దక్కినవి. అదృష్టమును ప్రతి రాత్రియు నమ్ముకొనరాదు గదా.

పులివెందుల మిత్రుడు చాలకాలము మా యెదుట తలయెత్తలేదు. మేలుచేయబోయి కీడు తెచ్చితినని కుమిలిపోయెను. అతనిని మేమెవరమును నిందింపలేదు. బాణలి లోపలికి వచ్చునపుడు మేము మువ్వురమును చూచుచునే యుంటిమి, వద్దనలేదు. ఇంక ఎన్నడును రానన్నవానిని మరుసటి చలికాలమున బలవంతముగా వెంటబెట్టుకొని పోయితిమి. ఆ బయలులోనే గుడారము వేసితిమి. ముసలాయన మఱల కట్టెలు తెచ్చి, మమ్ము గుఱుతుపట్టి, "ఈసారి గడ్డి కావల్నా నాయనా?" అని అడిగెను.

"నాలుగు మోపులు తాతా" అని చెప్పినవాడు పులివెందుల మిత్రుడే. ఆ రాత్రి మొదటి కావలి కూడ అతడే కాచెను.