ఇంకొక్క గంట ముందు

(పింఛనుదారుల దినోత్సవం నాడు మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చి చెప్పింది. ఏటా ఈ వేదిక మీద డి.ఏ. బకాయిల గురించో, వైద్య ఖర్చుల గురించో మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు, "రిటైరైన తర్వాత చేసిన పని ఏదన్నా ఉంటే చెప్పండి" అన్నారు. నేను చేసిన పని చిన్నది. మా ఊరి హైస్కూల్లో పదో తరగతి పిల్లల చేత ఒక గ్రీకు విషాద నాటకాన్ని ఇంగ్లీషులో చదివించాను.

ముందు వరసలో ఇద్దరు మిత్రులు నవ్వుతున్నారు. మా ఇంట్లోనూ ఇలాగే నవ్వారు. "మిరప కోతలకు కూలీలు దొరక్క ఊరంతా అల్లాడుతుంటే మీకీ గ్రీకు గోల ఎందుకండీ?" అంది మా ఆవిడ. ఆమెకు చెప్పవలసిన జవాబు ఈ ప్రసంగం చివర చెబుతాను.

సంగతి ఇలా మొదలైంది. అక్కడి ఇంగ్లీషు మాస్టారు ఒకరోజు, "పిల్లలకు ప్రశ్నజవాబులన్నీ కంఠతా వచ్చండీ. సొంతంగా ఒక్క వాక్యం చెప్పమంటే తల వంచుకుంటారు. మీరు జన్మంతా డ్రాఫ్టింగు చేసినవారు, వారానికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టండి" అన్నారు. సరేనని ముందు ఉత్తరాలు రాయించాను. పిల్లలు ఆవలించారు. వారి తప్పు కాదు, సెలవు చీటీ రాయడంలో ఎవరికి ఉత్సాహం ఉంటుంది? అప్పుడు డిగ్రీ రోజుల్లో చదివిన 'ఆంటిగొనీ' గుర్తుకొచ్చింది. దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టి సంక్రాంతికి ముగించాం.

ఆ నాటకం రాసినవాడు సోఫోక్లిస్. క్రీస్తుకు పూర్వం 441 ప్రాంతంలో ఏథెన్సులో ఆడారు. వసంత కాలంలో డయొనైసస్ అనే దేవుడి ఉత్సవంలో, కొండ వాలున ఆరుబయట, ముగ్గురు కవులు పోటీపడి నాటకాలు ఆడించేవారు. మాట్లాడే నటులు ముగ్గురే. ఆడ వేషాలు కూడా మగవారే ముఖాలకు తొడుగులు పెట్టుకుని కట్టేవారు. పక్కన కోరస్ అని పదిహేను మంది పాడుతూ, ఆడుతూ, కథానాయకుడికి సలహాలు చెబుతూ ఉండేవారు. ట్రాజెడీ అన్న మాటకు ఆ భాషలో 'మేకపాట' అని అర్థం. ఇది చెప్పినప్పుడు క్లాసు క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి పిల్లలకు నా క్లాసు పేరు మేకపాట క్లాసు.

ఇవన్నీ మన పిల్లలకు కొత్తవేమీ కావు. మగవారు ఆడ వేషం కట్టడమా? బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషంతో పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కోరస్సా? బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలబడి తందాన పలికే వంతలను చూపిస్తే చాలు. పొన్నెకల్లు నాజర్‌గారి బుర్రకథ విన్న తాతలు ఇంకా ఊళ్లో ఉన్నారు. దేవుడి ఉత్సవంలో చావు కథలు చెప్పుకోవడమా? కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని జరిపే వీరుల తిరునాళ్ల అలాంటిదే గదా. ఏథెన్సు ఎక్కడో దూరాన లేదు, పల్నాటి దారిలోనే ఉందన్నాను పిల్లలతో.

ఆ బడిలోని తెలుగు పండితులు ఒక అభ్యంతరం చెప్పారు. మన సంప్రదాయంలో నాటకం మంగళాంతం కావాలి, చదువుకునే పిల్లలకు ఈ ఏడుపెందుకు అని. వారి మాట తీసివేయదగింది కాదు. కాని ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 'విషాద సారంగధర' రాసి తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేసి వందేళ్లు దాటింది. బాలచంద్రుడు చనిపోయే కథను మన పల్నాడు అంతకన్నా ఎంతో ముందు నుంచీ వింటూనే ఉంది. విన్నవారెవరూ పిరికివాళ్లు కాలేదు. ఇలా మనవి చేస్తే పండితులు నవ్వి, "కానివ్వండి, నేనూ వెనక బెంచీలో కూర్చుంటాను" అన్నారు. కూర్చున్నారు కూడా.

ఇక కథ. థీబ్స్ నగరంలో అన్నదమ్ములిద్దరు రాజ్యం కోసం పోరాడి ఒకరి చేతిలో ఒకరు చనిపోయారు. ఒకడు ఊరి పక్షాన నిలిచాడు, రెండోవాడు పరాయి సైన్యాన్ని ఊరి మీదికి తెచ్చాడు. తర్వాత గద్దె ఎక్కిన క్రియాన్ ఒక ఆర్డరు వేశాడు. మొదటివాడికి లాంఛనాలతో అంత్యక్రియలు చేయాలి, రెండోవాడి శవాన్ని ఎవరూ ముట్టకూడదు, ముట్టినవారికి మరణశిక్ష. చనిపోయినవారి చెల్లెలు ఆంటిగొనీ ఆ ఆర్డరు ధిక్కరించి అన్న శవం మీద మట్టి చల్లింది.

క్రియాన్ ఆ పిల్లకు ఏమవుతాడు? తల్లికి తోడబుట్టినవాడు. క్రియాన్ కొడుకు హైమన్‌తో ఆమెకు పెళ్లి నిశ్చయమై ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో 'అంకుల్' అనీ, 'కజిన్' అనీ ఉంటుంది. ఆ మాటలతో ఏమీ తెలియదు. "ఒరేయ్, క్రియాన్ ఆ పిల్లకు మేనమామ. హైమన్ వరసకు బావ" అనేసరికి క్లాసు నిశ్శబ్దమైపోయింది. పెళ్లినాడు గంపలో కూర్చోబెట్టి పెళ్లికూతుర్ని పీటల మీదికి మోసుకురావలసిన మేనమామ, ఆ పిల్లనే బతికుండగా రాతి గుహలో పెట్టి మూయించాడు. ఈ బాధ తెల్లవాళ్ల పిల్లలకు పాఠం చెబితే అర్థం కావాలి. మన పిల్లలకు వరస చెబితే చాలు.

మొదట నేను కథ మొత్తం తెలుగులోనే చెప్పాను. ఆ తర్వాత ఇంగ్లీషులో చదవడానికి రాజుతో కాక కాపలావాడితో మొదలుపెట్టాను. మిత్రులారా, ఈ కాపలావాడు మనవాడు. శవం మీద ఎవరో మట్టి చల్లారని రాజుకు చెప్పాలి. ఎవరు చెప్పాలన్నది తేలక చీట్లు వేసుకుంటే వీడి పేరు వచ్చింది. దారిలో పది చోట్ల ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ నడిచి వచ్చి, విషయం చెప్పకముందే "నేను చేయలేదు, చేసినవాడిని చూడలేదు" అంటాడు. రాజు వినీ వినగానే మీరంతా డబ్బు తిన్నారంటాడు. కలెక్టరుగారి చాంబరు తలుపు దగ్గర ఫైలు పట్టుకుని నిలబడిన వారెవరికైనా ఈ రంగం విడమరచి చెప్పక్కరలేదు. "కిటికీ అద్దం పగిలింది, హెడ్మాస్టరుగారికి ఎవరు చెబుతారు?" అని పిల్లల్ని అడిగాను. ఆ భయం పట్టుకుని చదివారు. ఏడాదిగా నోరు విప్పని కుర్రాడు ఆ సాయంత్రం అయిదు వాక్యాలు సొంత ఇంగ్లీషులో చెప్పాడు. తప్పులున్నాయి. నేను దిద్దలేదు.

తర్వాత క్లాసును రెండుగా చీల్చాను. సగం మంది క్రియాన్ తరఫున, సగం మంది ఆంటిగొనీ తరఫున వాదించాలి. మొదట అందరూ ఆంటిగొనీ వైపే వస్తామన్నారు. కుదరదన్నాను. క్రియాన్ దుర్మార్గుడు కాడు. యుద్ధం ముగిసిన మర్నాడు ఊరిని నిలబెట్టాలి. ఊరిని కాపాడినవాడికీ, ఊరి మీదికి వచ్చినవాడికీ ఒకే మర్యాద అంటే జనం ఏమంటారు? మేనకోడలని వదిలేస్తే రేపు ఆర్డరుకు విలువేది? ఒకడు లేచి "ఆర్డర్ ఈజ్ ఆర్డర్ సార్" అన్నాడు. ఎదుటి వరసలోంచి ఒక పిల్ల "హూ ఈజ్ గ్రేటర్, గాడ్ ఆర్ ఆర్డర్?" అంది. ఆంటిగొనీ వాదన అదే గదా: రాయబడని ధర్మాలను ఒక మనిషి వేసిన ఉత్తర్వు రద్దు చేయలేదని. సోమవారం ఒక పక్షాన మాట్లాడినవారు గురువారం రెండో పక్షాన మాట్లాడాలన్నది నా నియమం. "తప్పెవరిది?" అన్న ప్రశ్న మాత్రం వేయలేదు. అది వేస్తే పిల్లలు గైడు పుస్తకంలో జవాబు వెతుకుతారు.

ఇప్పుడు కష్టమైన చోటికి వస్తున్నాను. ఆంటిగొనీ గుహలో ప్రాణం తీసుకుంటుంది. ఆమె కోసం హైమన్, కొడుకు కోసం క్రియాన్ భార్య యురిడిసి అదే దారి పడతారు. మన ప్రాంతంలో ఈ మాట తేలికగా అనగలిగింది కాదు. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని ఊడ్చివేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పురుగుల మందు ఎందరి ఇళ్లు ఆర్పిందో మీకు తెలుసు. ఆ తర్వాతా ఆగలేదు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆ బెంచీల్లో ఉన్నారు. చివరి భాగం దాటవేద్దామా అని మాస్టారూ నేనూ రెండు రోజులు ఆలోచించాం. దాటవేస్తే పిల్లలు అడగకుండా ఉంటారా? ఉన్నదున్నట్టు, అలంకారం లేకుండా చెప్పాలని నిశ్చయించాం.

కళ్లులేని జ్యోతిష్కుడు టైరీసియస్ హెచ్చరించాక క్రియాన్ మనసు మారుతుంది. కోరస్ పెద్దలు ముందు పిల్లను విడిపించు, తర్వాత శవానికి క్రియలు జరిపించు అని చెబుతారు. క్రియాన్ బయలుదేరి, ముందు శవానికి స్నానం చేయించి, దహనం చేయించి, మట్టి దిబ్బ వేయించి, ఆ తర్వాత గుహకు వెళ్లాడు. అప్పటికే అంతా అయిపోయింది.

నేను ఇంతవరకు చదివి ఆపాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. ఇంగ్లీషు రాక తెలుగులోనే అడిగింది. "సార్, వాళ్ల మామయ్య దారిలో ఉన్నాడు గదా. ఆమె ఇంకొక్క గంట ఆగి ఉంటే?"

పండితులు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ అమ్మాయి వాళ్ల ఇంటి సంగతి మాకిద్దరికీ తెలుసు. నేను, "అవునమ్మా. మూసిన తలుపు వెనక ఉన్నవారికి బయట ఎవరో బయలుదేరారని తెలియదు. తెలియకపోయినా ఆగాలి. పక్కవారిని పిలవాలి" అన్నాను. తర్వాత మరో కుర్రాడు, "మరి ఆయన ముందే గుహకు వెళ్లి ఉంటే?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు తగిలింది. ఎందుకో చెబుతాను.

2004లో 421 నంబరు జి.ఓ. వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర సాయం. అప్పుడు నేను పనిచేస్తున్న ఆఫీసుకు ఒక కౌలు రైతు భార్య అర్జీ వచ్చింది. మూడెకరాల కౌలు, అంతా నోటి మాట మీద. పాసు పుస్తకం భూమి యజమాని పేరున ఉంది. "కౌలు పత్రము జతపరచలేదు, తిప్పి పంపవచ్చును" అని నోటు రాసినది నేను. రూలు ప్రకారం సరిగానే రాశాను. పై అధికారి సంతకం చేశారు. నేను కాపలావాణ్ణి, నా మీదికి ఏదీ రాకుండా తప్పించుకున్నాను. ఆమె ఊరు మా ఆఫీసుకు పది మైళ్లు. ఒక్క సాయంత్రం వెళ్లి ఇరుగుపొరుగు చేత వాంగ్మూలం రాయిస్తే సరిపోయేదేమో. కాయితాలు నాలుగుసార్లు తిరిగాయి. చివరికి దారి దొరికేసరికి ఆమె కొడుకు బడి మాని కోల్డ్ స్టోరేజీలో మిరప టిక్కీలు మోస్తున్నాడు. మళ్లీ చదువుకు రాలేదు. రూల్సు తర్వాత మారాయి. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం 2011లో వచ్చింది, పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. క్రియాన్ కూడా మారాడు. ఆలస్యంగా.

ఇదంతా పిల్లలకు చెప్పాను. ఇంగ్లీషులోనే, తేలిక మాటల్లో చెప్పాను. నా పాఠాల్లో వారు అంత శ్రద్ధగా విన్నది మరొకటి లేదు.

మా ఆవిడకు జవాబు ఇదే. ఈ పిల్లల్లో కొందరు రేపు కౌంటర్ల వెనక కూర్చుంటారు. కొందరు కౌంటర్ల ముందు నిలబడతారు. లోపలి వారు గంట ముందు బయలుదేరడం, బయటి వారు గంటసేపు ఓర్చుకుని ఎవరినైనా పిలవడం నేర్చుకుంటే, ఈ చదువు మిరప కోతకన్నా తక్కువ పనేమీ కాదు. పరీక్షకు ఇది రాదు. ఇంగ్లీషు మాత్రం వచ్చింది.

మిత్రులకు నా విజ్ఞప్తి. మీ ఊరి బడికి వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వండి. నాటకమే అక్కరలేదు, కాని ఏది చదివించినా రెండు పక్షాలూ పిల్లల చేత పలికించండి. పనిలో పనిగా ఊళ్లో ఎవరి అర్జీ అయినా ఆగి ఉందేమో కనుక్కోండి. మనకు ఫైలు నడిచే దారి తెలుసు. ఇప్పుడు మెమో ఇచ్చేవారు కూడా ఎవరూ లేరు.