మేమిద్దరం చూసిన నాలుగు సినిమాలు

(నంద్యాలలో జరిగిన పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమాలలో ముస్లిం జీవితం గురించి మాట్లాడమని నన్ను ఆహ్వానించారు. నేను సినీ విమర్శకుణ్ణి కాను. ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ విద్యార్థులకు చరిత్ర పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అయితే ఈ మధ్య నాలుగు శుక్రవారాలు వరుసగా, ఇషా నమాజు ముగించుకుని, నేనూ నా బాల్యమిత్రుడూ మా ఇంట్లో కూర్చుని నాలుగు సినిమాలు చూశాము. చూసిన ప్రతి రాత్రీ వాదించుకున్నాము. ఆ వాదనలో నేను గెలవలేదు. ఓడిపోయానని కూడా ఇంకా ఒప్పుకోలేదు. దానిని మీ ముందు పెట్టడమే ఈ ప్రసంగం.

నా మిత్రుడు నూర్‌బాషా కుటుంబీకుడు. తండ్రి దూది ఏకేవాడు. తనకు పరుపుల దుకాణం ఉంది. నాకంటే రెండేళ్ళు పెద్ద కనుక నేను 'అన్నా' అంటాను. అతను నన్ను 'భాయ్' అంటాడు. ఉర్దూ మాట్లాడే నేను అన్నా అనడం, ఇంట్లో తెలుగు తప్ప మరొకటి ఎరుగని అతను భాయ్ అనడం మా ఇద్దరికీ యాభై ఏళ్ళుగా అలవాటైన వేళాకోళం.

సినిమాలు చూడాలన్న ఆలోచన అతనిదే. అతని మనుమడు పదవ తరగతి చదువుతున్నాడు. ఒకరోజు స్నేహితులతో సినిమాకు వెళ్ళి విశ్రాంతి సమయానికే ఇంటికి తిరిగి వచ్చేశాడట. తెరమీద తుపాకి పట్టినవాడు నమాజు చేస్తున్నప్పుడు వెనుక వరుసలో నుండి ఎవరో ఈ పిల్లవాడి పేరు పెట్టి కేక వేశారు. హాలంతా నవ్వింది. అప్పటినుండి వాడు నోటు పుస్తకాల అట్టలమీద పేరులో మొదటి అక్షరాలు మాత్రమే రాసుకుంటున్నాడు. "వాడికి ఏ సినిమా చూపించాలో మనమిద్దరం చూసి తేల్చాలి, భాయ్" అని అడిగాడు అన్న.

మమ్మల్ని బాహాటంగా దూషించే సినిమాల జోలికి మేము పోలేదు. 'ది కేరళ స్టోరీ' ప్రచార చిత్రంలో మొదట ముప్పై రెండు వేల మంది యువతులు అన్నారు, తరువాత ఆ అంకె ముగ్గురు అయింది. ముప్పై రెండు వేలకు ఆధారమేదీ లేదని చిత్రంతో పాటు ప్రకటించాలని 2023లో సుప్రీంకోర్టు ముందు ఒప్పుకోవలసి వచ్చింది. "దానిమీద నాకేమీ చర్చ లేదు. తిట్టేవాడు తిడుతున్నాడని అందరికీ తెలుసు. మనలను మెచ్చుకునే సినిమాలంటేనే నాకు భయం" అన్నాడు అన్న. మెచ్చుకునే సినిమాలంటే భయమెందుకో మొదటి శుక్రవారం రాత్రి గాని నాకు తెలియలేదు.

ఆ రాత్రి చూసింది అనుభవ్ సిన్హా తీసిన 'ముల్క్'. 2018 నాటి సినిమా. ఎంపిక నాదే. కాశీలో మురాద్ అలీ అనే వృద్ధ న్యాయవాది ఉంటాడు. ఆ పాత్ర రిషీ కపూర్ ధరించాడు. అతని తమ్ముని కొడుకు బాంబు పేల్చి, పోలీసుల చేతిలో మరణిస్తాడు. కుటుంబం శవాన్ని తీసుకోవడానికి నిరాకరిస్తుంది. అయినా ఆ కుటుంబమంతా నేరస్థులేనని కేసు నడుస్తుంది. హిందువైన కోడలు న్యాయవాదిగా నిలబడి వాదిస్తుంది. చివరకు మురాద్ అలీ నిర్దోషిగా బయటపడతాడు. కోర్టు దృశ్యాలలో నా కళ్ళు చెమర్చాయి. మనం ఇన్నేళ్ళుగా మనసులో అనుకుంటున్న మాటలను ఒకరు తెరపైన నిలబడి, కోట్లమంది వినేటట్లు చెప్పారన్న తృప్తి అది.

అన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. "బాగుంది. ఐతే ఆ ఇంట్లో పిల్లవాడు నిజంగానే బాంబు పెట్టినాడు గదా?" అని అడిగాడు.

అవునన్నాను.

"ఖడ్గంలో కూడా అంతే. ప్రకాశ్ రాజ్ ఎంత మంచివాడు! ఆటో నడుపుకుంటాడు, దేశమంటే ప్రాణం. తమ్ముడేమో వాళ్ళతో కలిసిపోయినాడు. మనలో ఒక మంచివాణ్ణి చూపించాలంటే పక్కన ఒక చెడ్డవాణ్ణి కూచోబెట్టాల్సిందేనా? ఒట్టి మంచివాడు, ఒట్టి మనిషి, ఊరికే ఉండకూడదా?"

'ఖడ్గం' 2002లో వచ్చింది. కృష్ణవంశీ దర్శకుడు. ఆనాడు ఆ సినిమాను ఇద్దరమూ కలిసే చూశాము. అంజాద్ పాత్ర చూసి గర్వపడ్డవారిలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఏళ్ళపాటు నాకు తట్టని విషయం పరుపుల దుకాణంలో కూర్చున్నవానికి తట్టింది. మంచి ముస్లిం ఎప్పుడూ చెడ్డ ముస్లింకు జవాబుగానే తెరమీదకు వస్తాడు. అంజాద్ మంచితనమంతా తమ్ముని నేరానికి చెల్లించే జరిమానా వంటిది. మురాద్ అలీ పెద్దరికమంతా సాక్ష్యంగా కోర్టులో దాఖలు చేయబడిన పత్రం వంటిది. ప్రేక్షకుడు అతణ్ణి మెచ్చుకుంటాడు, నిజమే. కాని విచారణ జరిపిన తరువాతనే మెచ్చుకుంటాడు.

నేను ఊరుకోలేదు. కేసు మనపైన నిజంగానే నడుస్తున్నప్పుడు సినిమా కోర్టుకు వెళ్ళక ఎక్కడికి వెళుతుంది అని అడిగాను. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగింది. అందులో మరణించినవారు మనవాళ్ళు. తరువాత పోలీసులు పట్టుకుపోయినదీ మన యువకులనే. వారిలో పలువురు నిర్దోషులుగా బయటపడ్డారు, అప్పటి ప్రభుత్వం వారికి పరిహారం కూడా ఇచ్చింది. ఆ తల్లిదండ్రులకు మురాద్ అలీ మాటలు అవసరం లేవా?

"నేను చెప్పేదీ అదే గదా" అన్నాడు అన్న. "ఆ పిల్లలు నిర్దోషులు. ముల్క్‌లో పిల్లవాడు దోషి. హైదరాబాదు పిల్లల కథ ఎవరైనా తీసినారా? నిర్దోషి పిల్లవాడి ఇంటి కథ ఏది?"

ఆ రాత్రికి వాదన అక్కడ ఆగిపోయింది.

రెండవ వారం 'గర్మ్ హవా' చూశాము. ఎం.ఎస్. సత్యు 1973లో తీసిన చిత్రం. ఇస్మత్ చుగ్తాయి కథ ఆధారంగా కైఫీ ఆజ్మీ, షమా జైదీ రచించారు. విభజన తరువాతి ఆగ్రాలో చెప్పులు తయారుచేయించే సలీం మీర్జా కథ అది. బల్‌రాజ్ సాహ్నీ ఆ పాత్ర ధరించి, సినిమా విడుదల కాకముందే కన్నుమూశాడు. ఇల్లు పాకిస్తాన్‌కు వెళ్ళిపోయిన అన్న పేరున ఉండటంతో సలీం మీర్జా చేజారుతుంది. వెళ్ళిపోయేవాడికి అప్పెందుకని బ్యాంకు రుణం ఇవ్వదు. అద్దె ఇంటికోసం తిరిగితే పేరు వినగానే తలుపులు మూసుకుంటాయి. ముసలి తల్లి ఆ హవేలీని విడిచి రానంటుంది. చివరి ఘడియలలో ఆమెను పల్లకీలో తిరిగి అక్కడికే మోసుకువస్తారు.

అద్దె ఇంటి దృశ్యం వచ్చినప్పుడు అన్న నవ్వాడు. నవ్వవలసిన దృశ్యం కాదు. కాని కారణం నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం మా అమ్మాయికి ఒక నగరంలో ఉద్యోగం వచ్చినప్పుడు ఇంటికోసం మేమిద్దరమూ వెంట వెళ్ళాము. టులెట్ బోర్డు చూసి ఫోను చేస్తే యజమాని ఎంతో మర్యాదగా వివరాలన్నీ చెప్పి, చివర పేరు అడిగి, "ఇప్పుడే ఇచ్చేశామమ్మా" అన్నాడు. నెల తరువాత వెళ్ళినా ఆ బోర్డు అలాగే వేలాడుతోంది. ఇలాంటివి నాలుగు ఇళ్ళు. ఐదవ ఇంటివారు ఇచ్చారు, ఈనాటికీ మా అమ్మాయిని తమ బిడ్డలా చూసుకుంటున్నారు. అది కూడా చెప్పాలి.

సలీం మీర్జా మీద గూఢచారి అన్న నింద పడుతుంది, అది పూర్తిగా అబద్ధం. కోర్టు విడిచిపెట్టినా వీధి అతణ్ణి విడిచిపెట్టదు. అన్న అడిగిన నిర్దోషి కథ యాభై ఏళ్ళ క్రితమే తీశారు కదా అన్నాను. ఈసారి అతను ఒప్పుకున్నాడు. మనుమడికి మాత్రం వద్దన్నాడు. "ఇందులో కూతురు చచ్చిపోతుంది, కొడుకు వెళ్ళిపోతాడు. పదిహేనేళ్ళ పిల్లవాడికి ఇంత బరువు ఎందుకు?" నాకైతే, వాడు తప్పక చూడవలసినది అదేననిపించింది. టాంగా దిగి ఊరేగింపులో కలిసిపోయే ఆ ముగింపు వాడికి కావాలి. మాకు ఏకాభిప్రాయం కుదరలేదు.

మూడవ శుక్రవారం నీరజ్ ఘేవాన్ దర్శకత్వంలో 2025లో వచ్చిన 'హోమ్‌బౌండ్' చూశాము. ఇది ఇద్దరు మిత్రుల కథ, ఒకడు దళితుడు చందన్, మరొకడు షోయబ్. కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే తమను ఎవరూ చిన్నచూపు చూడరని ఇద్దరి ఆశ. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ నుండి ఇంటికి బయలుదేరి, దారిలో చందన్ ప్రాణం విడుస్తాడు. షోయబ్ అతణ్ణి వదిలి వెళ్ళడు. బషారత్ పీర్ పత్రికలో రాసిన నిజ సంఘటన దీనికి మూలం. ఆ మే నెలలో రోడ్డు పక్కన మిత్రుని తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్న యువకుని ఫోటోను మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆఫీసులో షోయబ్ చేత తన సీసాలో నీళ్ళు పట్టించుకోనని ఒక ఉద్యోగి చెప్పే దృశ్యం ఉంది. మరోచోట చందన్ తల్లి బడిలో వంట చేస్తే తమ పిల్లలు తినరని ఊరివాళ్ళు అడ్డుకుంటారు. అక్కడ అన్న రిమోట్ తీసుకుని సినిమా ఆపాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "భాయ్, మీ చిన్నాన్న పెండ్లిలో మా నాయన్ను, నన్ను ఏ పంక్తిలో కూచోబెట్టినారో గుర్తుందా?"

గుర్తుంది. ఆ ఇంటి పరుపులన్నీ వాళ్ళ నాయన కుట్టినవే. అయినా దస్తర్‌ఖాన్ పరిచిన హాలులో కాక, వెనుక వసారాలో, పనివాళ్ళ తరువాత వారికి వడ్డించారు. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. మా పెద్దలు వారిని ఏ మాటతో పిలిచేవారో ఈ వేదికమీద చెప్పలేను. మీలో కొందరి ఇళ్ళలో ఆ మాట ఇంకా వినిపిస్తూనే ఉందని నాకు తెలుసు. యాభై ఏళ్ళ స్నేహంలో ఈ విషయం అన్న ఎన్నడూ ఎత్తలేదు. ఒక సినిమా ఎత్తించింది. నేను క్షమించమన్నాను. "ఇప్పుడెందుకులే, సినిమా పెట్టు" అన్నాడు.

అదే రాత్రి మరొక మాట కూడా చెప్పాడు. తెలుగు సినిమాలో ముస్లిం వస్తే నోటివెంట యాసతో కూడిన వచ్చీరాని తెలుగే వస్తుంది. "మా అమ్మకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. ఈ జిల్లాలో ఏ రైతు మాట్లాడే తెలుగైనా ఆమె మాట్లాడుతుంది. ఆమె ఏ సినిమాలో ఉంది?" అని అడిగాడు. పుస్తకాలలో ఉన్నదని చెప్పాను. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన 'వతన్' కథా సంకలనం అతనికి ఇచ్చాను. ఇంత సాహిత్యం చేతిలో ఉండి, మన యువకులు ఇన్ని సెల్‌ఫోన్లు చేతబట్టుకుని, దానిలో ఒక కథనైనా పదిహేను నిమిషాల చిత్రంగా తీయలేదెందుకని అతను అడిగిన ప్రశ్నను, నా దగ్గర జవాబు లేక, మీకు అప్పగిస్తున్నాను.

నాలుగవది మలయాళ చిత్రం, 'సుడానీ ఫ్రం నైజీరియా'. జకరియా మొహమ్మద్ 2018లో తీశాడు. మలప్పురం జిల్లాలో సెవెన్స్ ఫుట్‌బాల్ జట్టును నడిపే మజీద్, గాయపడిన నైజీరియా ఆటగాడు శామ్యూల్‌ను ఇంటికి తీసుకువస్తాడు. అతను నైజీరియావాడని ఎంత చెప్పినా ఊరంతా 'సుడానీ' అనే పిలుస్తుంది. మజీద్ తల్లి, పొరుగింటి ముసలామె భాష రాకపోయినా అతనికి సేవ చేస్తారు. మజీద్‌కు పిల్లనిచ్చేవారు లేరు. తల్లి రెండవ పెళ్ళి చేసుకున్నందుకు ఆ సవతి తండ్రితో మాట్లాడడు. కథ మొత్తంలో ఇంతకంటే పెద్ద తగాదా లేదు. బాంబు లేదు, దేశభక్తి పరీక్ష లేదు. తెరమీద కనిపించేవారిలో దాదాపు అందరూ ముస్లింలే, కాని ఎవరూ ఎవరికీ ఏమీ రుజువు చేయడం లేదు.

మాకు మలయాళం రాదు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి నేను తెలుగులో చెబుతూ వచ్చాను. సగం తరువాత చెప్పడం ఆపేసినా అన్న నవ్వవలసినచోట నవ్వుతూనే ఉన్నాడు. "ఇదీ మావాడికి చూపించాల్సిన సినిమా" అని తేల్చేశాడు.

నేను ఒప్పుకోలేదు. మలప్పురంలో అత్యధికులు మనవాళ్ళే, అక్కడ సినిమా హాలులో వెనుక వరుసనుండి కేక వేసేవాడు లేడు. మన పిల్లవాడు రేపు మళ్ళీ నంద్యాల వీధిలోకే వెళ్ళాలి. వాడికి మురాద్ అలీ మాటలు, సలీం మీర్జా మొండితనం కావాలి కాని మజీద్ ఇంటి ముచ్చట్లు ఏమి ఉపయోగం అన్నాను.

అన్న తాపీగా జవాబు చెప్పాడు. "జవాబులు వాడు ఎట్లాగూ నేర్చుకుంటాడు, భాయ్. మనం నేర్చుకోలేదా? ముందు వాడి పేరు పూర్తిగా రాసుకోనీ. అమ్మతో అలిగేవాడు, ఆట పిచ్చివాడు, పిల్ల దొరకనివాడు, వాడిలాంటివాడు తెరమీద ఉంటాడని చూడనీ."

నా మాట ఇప్పటికీ నేను వెనక్కు తీసుకోలేదు. అయితే పిల్లవాడికి మొదట చూపించినది మాత్రం అన్న చెప్పిన సినిమాయే. సగం చూశాడు. మరునాడు పరీక్ష ఉందని మిగతా సగం వచ్చే శుక్రవారానికి వాయిదా వేశాడు. వెళ్తూ వెళ్తూ, ఆనాడు హాలులో కేక వేసినవాడు ఎవడో చెప్పాడు. వాడి బెంచీలో పక్కన కూర్చునే పిల్లవాడే, రోజూ ఫుట్‌బాల్ కలిసి ఆడేవాడే. ఈ సంగతి అన్నకు కూడా అప్పుడే తెలిసింది. కాసేపు ఆలోచించి, వచ్చే శుక్రవారం వాణ్ణి కూడా తీసుకురమ్మన్నాడు.

"అడిగి చూస్తా" అన్నాడు మనుమడు. వస్తానన్నాడో లేదో ఈ ఉదయం వరకు నాకు కబురు రాలేదు.