కంప్యూటరులోని ఫోటోలను ఇంటివద్ద స్లైడులుగా చేసిన విధము
(బోడుప్పల్ సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ ప్రదర్శనలో మీరు చూచిన 80 స్లైడులను గురించి నాలుగు మాటలు చెప్పుమని కమిటీవారు మమ్మును కోరారు. మేము ముగ్గురము. ముగ్గురిలో ఒక్కరమూ వక్తలము కాము. తప్పులుంటే మన్నించగలరు. ప్రదర్శన రోజున చాలామంది మమ్మును అడిగిన ప్రశ్న ఒక్కటే: "ప్రతివాని జేబులో ఫోను ఉన్న ఈ దినములలో, రీలు వేసి, మందులు కలిపి, ఈ పాత పని ఎందుకు నెత్తికెత్తుకున్నారు?" దానికి జవాబు చెప్పాలంటే ముందుగా మా తప్పు ఒప్పుకొనవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము బోడుప్పల్, ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చెంగిచెర్ల వైపు మన సంఘస్థుల ఇండ్లకు వెళ్ళి పాత ఫోటోలు సేకరించాము. పెండ్లిండ్లు, బాప్తిస్మములు, కోత పండుగలు, పునాదిరాయి వేసిన దినము, ఇట్లు సుమారు 900 బొమ్మలు స్కాను చేసి అసలు ఫోటోలను ఎవరివి వారికి అప్పగించాము. ఫైళ్ళన్నీ ఒకే ఒక హార్డు డిస్కులో పెట్టాము. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో అనేక కాలనీలు నీట మునిగినప్పుడు మనవారి ఇండ్లలో కొన్నిటికీ నీళ్ళు వచ్చాయి. ఆల్బములు తడిసి ఒకదానికొకటి అంటుకొనిపోయాయి. అప్పుడు వారన్నమాట, "పోనీలెండి, మీ కంప్యూటరులో ఉన్నాయి గదా!" మరుసటి సంవత్సరము ఒక సాయంత్రము ఆ డిస్కు గడియారమువలె టిక్కు టిక్కుమని నిలిచిపోయినది. చూపించిన ప్రతిచోటా పెదవి విరిచారు. మాలో ఒకరు సండే స్కూలు పిల్లలకు చూపించుటకని 212 బొమ్మలు వేరే పెన్ డ్రైవులోనికి ఎక్కించుకొనియున్నారు. మిగిలినవి అవే.

మూడు వారములు ఈ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాము. పోయినవాటిలో ఒక అవ్వ ఇచ్చిన ఫోటో ఉన్నది. ఆమె భర్త ఉపదేశిగా పల్లెలు తిరిగిన మనిషి. ఆయనది ఆమెవద్ద ఉన్న ఒకే ఒక్క ఫోటో అది. అసలుది వాన నీళ్ళలో పోయినది, నకలు మా చేతిలో పోయినది. వెళ్ళి చెప్పినప్పుడు ఆమె మమ్మును ఒక్కమాటైనా అనలేదు. టీ పెట్టి ఇచ్చారు. తిట్టియుంటే బాగుండునని దారి పొడుగునా అనుకున్నాము.

మిగిలిన 212 బొమ్మలను ఏమి చేయాలని ఆలోచించినప్పుడు, దేవాలయపు బీరువాలో మూలపడియున్న స్లైడు ప్రొజెక్టరు జ్ఞాపకము వచ్చినది. మిషనరీల కాలములో మ్యాజిక్ లాంతరు పెట్టి తెల్లదుప్పటి మీద యేసుప్రభువు చరిత్ర చూపించేవారని పెద్దలు చెప్పగా మనమందరము విన్నాము. మీలో కొందరు పిల్లలుగా కూర్చొని చూచినవారే. ఆ గాజుపలకలలో వెలుగు బొమ్మ గుండా వస్తుంది. మెదకు దేవాలయములో ఫ్రాంక్ సాలిస్‌బరీ రచించిన రంగుటద్దాల కిటికీలు, 1927లో ఆరోహణము, 1947లో జననము, 1958లో సిలువ, పగటివేళ లోపలినుండి చూచినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. సూర్యుడుంటే చాలును. స్లైడు కూడా అంతే. కరెంటు లేకపోయినా, ప్రొజెక్టరు పాడైనా, కిటికీవైపు ఎత్తిపట్టుకుంటే బొమ్మ కనిపిస్తుంది. డిస్కును ఎంతసేపు ఎత్తిపట్టినా ఏముంటుంది?

అయితే స్లైడు ఉన్నది గనుక ఫైళ్ళు అక్కరలేదని మేము అనుటలేదు. ఇప్పుడు ఆ 212 ఫైళ్ళు మూడు వేర్వేరు ఇండ్లలో, మూడు వేర్వేరు డిస్కులలో ఉన్నాయి. బుద్ధి ఆలస్యముగా వచ్చినది.

ఇక పని విషయము. మొట్టమొదట సులువైన దారి పట్టాము. ఇంకు ప్రింటరులో పారదర్శక షీటు పెట్టి, బొమ్మను స్లైడంత చిన్నదిగా ముద్రించి చూచాము. అది కుదరలేదు. స్లైడులోని బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. గోడమీద ఆరడుగుల వెడల్పున పడితే అది 50 రెట్లు పెరిగినట్లు. ఇంకు చుక్కలన్నీ ఇసుకరేణువులవలె కనిపించి ముఖము ఎవరిదో తెలియకుండ పోయినది.

రెండవ దారి, కంప్యూటరు తెరనే పాత రీలు కెమెరాతో ఫోటో తీయుట. రంగు స్లైడు రీలు వాడవచ్చును. కొడాక్ వారు 2012లో ఆపివేసిన ఎక్టాక్రోమును 2018లో తిరిగి తెచ్చారు. కాని దానిని కడుగుటకు మొదటి మందు 38 డిగ్రీల వేడిమిలో కదలకుండ ఉండవలెను, వరుసగా అనేక మందులు మార్చవలెను. పైగా రంగులు ఏనాటికైనా వెలిసిపోతాయి. నలుపు తెలుపు రీలులో బొమ్మ వెండితో ఏర్పడుతుంది. బాగుగా కడిగిన వెండిబొమ్మ మనుమల కాలమువరకు నిలుస్తుంది. మా బొమ్మలలో ఎక్కువ భాగము ఎటూ నలుపు తెలుపువే. మిగిలిన రంగు పెండ్లి ఫోటోలవారు కొంచెము నొచ్చుకున్నారు, ఆ సంగతి మాకు తెలుసును.

నలుపు తెలుపు రీలు కడిగితే వచ్చేది నెగటివు గదా, స్లైడు ఎట్లగును? ఇక్కడ కంప్యూటరు మనకు సహాయము చేస్తుంది. తెరమీద బొమ్మను ముందే తారుమారు చేసి, తెలుపును నలుపుగా, నలుపును తెలుపుగా చూపించవలెను. ఆ నెగటివును ఫోటో తీస్తే రీలుమీద వచ్చేది నెగటివుకు నెగటివు, అనగా సరియైన బొమ్మ. కడిగి ఆరబెట్టి కత్తిరిస్తే అదే స్లైడు. ఈ ఉపాయము తెలిసిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కాని ఊరికే తారుమారు చేస్తే చాలదని మొదటి రీలు నేర్పినది. తెర వెలుగు పెరిగే తీరు వేరు, రీలు నల్లబడే తీరు వేరు. అయ్యగారి నల్లకోటు, జుట్టు, వెనుకనున్న తలుపు కలిసి ఒకే ముద్దగా వచ్చాయి. ముఖములేమో సున్నము పూసినట్లున్నవి. అప్పుడు ఉప్పల్‌లో ఒకప్పుడు స్టూడియో నడిపిన మన సంఘస్థులొకరు మాకు దారి చూపారు. తెలుపునుండి నలుపువరకు 11 మెట్లుగల ఒక పట్టీని తెరమీద వేసి, దానిని ఫోటో తీసి, కడిగి, ఏ మెట్లు కలిసిపోయినవో చూచి, కంప్యూటరులో ఆ భాగమును విడదీయవలెను. రెండు మూడుసార్లు ఇట్లు సరిచేసిన తరువాత కోటు కోటుగా, తలుపు తలుపుగా వచ్చినవి. నెగటివు రీలు సహజముగా మెత్తని బొమ్మనిస్తుంది, గోడమీదికి అది చాలదు. కనుక కాగితముమీద వ్రాసియున్న కాలమునకు సగము కలిపి డెవలపరులో ఉంచాము. ఈ మార్పునుబట్టి పట్టీ పరీక్షను తిరిగి చేయవలసి వచ్చినది.

తెర సంగతి. మా మామూలు తెరమీద బొమ్మ ఎత్తు 1080 గడులే. గోడమీద ఒక్కొక్క గడి మిల్లీమీటరుకు పైగా పెరిగి దోమతెర గుండా చూచినట్లున్నది. ఇంటినుండి కంప్యూటరు ఉద్యోగము చేసే తమ్ముడొకరు తన 27 అంగుళముల తెర అరువిచ్చారు. దానికి ఎత్తులో 2160 గడులు. అప్పుడు మూడవ బల్లనుండి చూచినవారికి గడులు కనిపించలేదు.

కెమెరాను స్టాండుమీద, తెరకు సుమారు 80 సెంటీమీటర్ల దూరములో, 50 మిల్లీమీటర్ల లెన్సుతో నిలిపాము. కెమెరా తెరకు సమముగా ఉన్నదో లేదో చూచుటకు సులువైన పరీక్ష ఒకటున్నది. చేతి అద్దమును తెరకు ఆనించి పట్టుకొని కెమెరాలోనుండి చూచినప్పుడు, లెన్సు ప్రతిబింబము సరిగా మధ్యలో కనిపించవలెను. 100 వేగముగల రీలుకు లెన్సు 8 వద్ద, అర సెకను వెలుగు సరిపోయినది. పూర్వపు గాజుగొట్టపు టీవీవంటి తెరలకు వేగముగా తీస్తే నల్లపట్టీలు పడేవి. ఇప్పటి తెరలలో కూడా మనకు కనిపించని మినుకు ఉంటుంది, అర సెకనులో అది సర్దుకుంటుంది.

కాని అర సెకను కెమెరా కదలరాదు. మేము పనిచేసిన ఇల్లు వరంగల్ రోడ్డుకు దగ్గర. లారీ పోయినప్పుడెల్ల బల్లమీది గ్లాసు గణగణమనేది. కనుక రాత్రి 11 దాటిన తరువాత, ఫ్యాను ఆపి, లైట్లు తీసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, లారీల మధ్య నిశ్శబ్దము కొరకు కనిపెట్టి మీట నొక్కేవారము. మాలో ఒకరు గేటువద్ద నిలబడి, "ఇప్పుడు కానివ్వండి" అని కేక వేసేవారు. పక్కింటివారు ఏమనుకున్నారో మాకు తెలియదు.

రీలు కడుగుట స్నానాలగదిలో. డెవలపరుకు 20 డిగ్రీల వేడిమి కావలెను. మన ఊరిలో ఏప్రిలులో కుళాయి తిప్పితే వచ్చేవి వేడినీళ్ళు గనుక ఈ పని డిసెంబరు, జనవరి రాత్రులకు పెట్టుకున్నాము. అయినను ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళసీసా ఒకటి బకెట్టులో ఉంచాము. హైపో తరువాత బాగుగా కడగకపోతే కొన్నేండ్లకు బొమ్మ పసుపెక్కి చెడిపోవును. ట్యాంకరు కొరకు ఎదురుచూచే కాలనీలలో గంటసేపు కుళాయి వదలుట పాపము. ఇల్‌ఫర్డ్ కంపెనీవారి పద్ధతి ఒకటి ఉన్నది: ట్యాంకు నింపి 5 సార్లు తిరగవేసి నీళ్ళు పారబోయుట, మరల నింపి 10 సార్లు, మరల నింపి 20 సార్లు. మూడు ట్యాంకుల నీళ్ళతో సరి. మన బోరు నీళ్ళలో సున్నము ఎక్కువ గనుక ఆరిన తరువాత తెల్లచుక్కలు పడతాయి. చివరిగా ఒక్కసారి ఇన్వర్టరులో పోసే బ్యాటరీ నీళ్ళలో ముంచి తీస్తే ఆ బాధ తప్పినది.

ఆరిన బొమ్మలను 2 అంగుళముల చదరపు ప్లాస్టిక్ చట్రములలో బిగించాము. చట్రమును సరిగా పట్టుకొని ఎడమ క్రిందిమూలలో ఒక చుక్క పెట్టి, ట్రేలో తలక్రిందులుగా వేయవలెను. చుక్క పెట్టని ఒక స్లైడులో పాత అయ్యగారొకరు ప్రయోగపు రాత్రి శీర్షాసనము వేశారు. మొత్తము నాలుగు రీళ్ళు పట్టినవి. మొదటిది పరీక్షలకే పోయినది. తరువాతి మూడింటిలోనుండి 80 ఏరుకున్నాము, ట్రేలో గడులు 80 గనుక. అరలో సిలికా జెల్ పొట్లములు వేసి, వానకాలములో బూజు పట్టకుండ రేకుపెట్టెలో ఉంచాము.

ఇప్పుడు 41వ స్లైడు సంగతి చెప్పి ముగిస్తాము. మిగిలిన ఫోటోలలో ఒక కోత పండుగ గుంపు ఫోటో ఉన్నది. వెనుక వరుసలో తలపాగాతో ఉన్నాయన ఉపదేశిగారేనని మాకు ఎవరో చెప్పారు. ఆ ముఖమొక్కటే పెద్దదిగా కత్తిరించి ప్రత్యేకముగా స్లైడు చేశాము. ప్రదర్శనకు ముందు దినము అవ్వను పిలిపించి ముందు బల్లమీద కూర్చుండబెట్టి 41 వేశాము. ఆమె చాలసేపు చూచారు. తరువాత నెమ్మదిగా, "ఆయన గాదు బిడ్డా, ఆయన తమ్ముడు" అన్నారు.

మాకు నోట మాట రాలేదు. ఏమి చేయాలో తోచక ముందటి గడిలోని గుంపు ఫోటో వేశాము. ఆమె లేచి గోడ దగ్గరకు వెళ్ళి, బొమ్మ ఎడమ అంచువద్ద చేయి పెట్టి, "గీ గొడుగు ఆయనదే. గా చెయ్యి ఆయనదే" అన్నారు. అంచున ఒక గొడుగు సగము, దానిని పట్టుకున్న చేయి మాత్రమే ఉన్నవి.

ఆ రాత్రి ఫైలు తెరిచి చూచాము. ఫోటోలో ఆయన పూర్తిగా ఉన్నారు, ముఖముతో సహా. మేము బొమ్మను తెరనిండా పెట్టి అంచులవరకు తీశాము. రీలుమీది బొమ్మ 36 మిల్లీమీటర్లు, చట్రపు కిటికీ 35 మాత్రమే. పైగా కెమెరా మా చేతిలో కొంచెము పక్కకు జరిగియున్నది. ఆ కాస్త తేడాలో చట్రపు ప్లాస్టిక్ క్రింద ఉపదేశిగారు ఉన్నారు. చట్రము విప్పి చూస్తే రీలుమీద కూడ ఆయన చెవివరకే వచ్చారు.

ఇట్టి పని తలపెట్టువారు బొమ్మ చుట్టూ వేలెడు వెడల్పున ఖాళీ అంచు వదలిపెట్టి తీయండి. మేము ఒక్క బొమ్మ కొరకు అయిదవ రీలు ఎక్కించాము. ఆ అంచుననున్న మనిషిని తెర మధ్యకు తెచ్చి, 36 సార్లు ఆయననే తీశాము. ముఖము గింజలు గింజలుగా ఉన్నది గాని ముఖమే. అవ్వ దానిని ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తిపట్టుకొని చూచి, "ఇది నేను తీస్కపోవచ్చా?" అని అడిగారు. ట్రేలో 41వ గడిలో ఇప్పుడు ఉన్నది దాని జత. మొదటిది ఆమె బైబిలు సంచిలో ఉన్నది.